హుసేనమ్మ చోటు మీది మట్టి

బళ్ళారి నుంచి మోక దాటి హచ్చొళ్ళి దిక్కుకు పోయే బస్సు ఎర్రవంక దగ్గర ఆగుతుంది. దిగేవాళ్ళుంటే ఆగుతుంది, లేకపోతే డ్రైవరు హారను కొట్టి సాగిపోతాడు. ఆ ఊళ్ళో పైన మట్టి పరిచిన మిద్దె అని చెప్పుకోవడానికి ఇప్పుడు మిగిలింది ఒక్కటే, మెథడిస్టు గుడి. మిగతా ఇళ్ళన్నీ ఎప్పుడో సిమెంటుకు మారిపోయాయి. మిద్దె పని తెలిసినవాడు కూడా ఒక్కడే మిగిలాడు. ఆయన పేరు ఆంజినప్ప, వయసు అరవై ఏడు. ఏడాదికి పది రోజుల పని, మిగతా రోజులన్నీ ఆ పని గురించిన మాటలు.

ఈ ఏడు ఈస్టరు పండగ అయిన మూడో వారం, ఆ గుడిని పడగొట్టాలని కమిటీ తీర్మానం చేసింది. దూలానికి చెదలు పట్టింది, ఎప్పుడైనా కూలుతుంది అన్నారు. అది చెదలు కాదని తెలిసినవాడు ఊళ్ళో ఆంజినప్ప ఒక్కడే. చెదలని చెప్పినవాడూ ఆయనే.

ఆంజినప్ప అంటే హనుమంతుడి పేరు. భార్య హుసేనమ్మ, ఇంటివాళ్ళు పీర్లకు మొక్కుకుంటే పుట్టిందట, అందుకని ఆ పేరు. రెండిళ్ళూ మూడు తరాలుగా యేసు గుడికి చెందినవే. కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరూ మొదటి ఆదివారం పేర్లు అడిగి తికమకపడటం, రెండో నెలకు అలవాటు పడిపోవటం ఆ గుడి చరిత్రలో ఒక భాగం. ఇప్పుడున్న పాస్టరు తికమకపడలేదు. ఎల్లమ్మ పేరు పెట్టుకున్న ఇంట్లో పుట్టిన మనిషి, ఆయన పేరే యల్లేష్.

గుడి కట్టి తొంభై ఏళ్ళు దాటింది. ఎవరో ఒక దొర సైకిలు మీద తిరుగుతూ వచ్చి కట్టించాడని చెబుతారు. ఆ దొర పేరు ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా పలుకుతారు కాబట్టి దాన్ని వదిలేద్దాం. గోడలకు రాయి పక్క గుట్ట నుంచి వచ్చింది. దూలాలకు వేపమాన్లు ఊరివాళ్ళు ఇచ్చారు. పైన మాత్రం మంగళూరు పెంకే వేయాలని దొర పట్టుబట్టి, బళ్ళారి నుంచి రెండు ఎద్దుబండ్లలో తెప్పించాడు. నల్లరేగడి దారి, ముందురోజు వాన. వంక దగ్గర బండ్లు రెండూ దిగబడ్డాయి, ఒకటి పక్కకు ఒరిగింది, పెంకులో సగానికి పైగా పగిలిపోయింది. దొర వంక గట్టున కూలబడి తలపట్టుకుంటే, ఆంజినప్ప తాత దురుగప్ప పోయి పక్కన నిలబడ్డాడు.

"పెంకు పోతే పోనీ దొరా, మన్ను యాడికి పోతాది?" అన్నాడట.

ఆ ఏడు ఇంటికొక గంప చౌడు మట్టి వచ్చింది. చౌడు అంటే ఆ పక్క పొలాల్లో దొరికే తెల్లటి ఉప్పు మన్ను; వాన పడితే బిగుసుకుపోయి నీళ్ళను కిందికి దిగనివ్వదు. ముప్పై రెండు ఇళ్ళు, ముప్పై రెండు గంపలు. దురుగప్ప మిద్దె మీద నిలబడి ఒక్కొక్క గంప అందుకొని పరిచాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందు వచ్చే ఆదివారం ఎర్రవంకలో గంపల ఆదివారం.

దీనికి ఒక పద్ధతి ఉంది. మొదట్లో గుడికి వచ్చింది ఆడవాళ్ళే. మగవాళ్ళు కొన్నాళ్ళు అరుగుల మీద కూర్చొని నవ్వి, తర్వాత వాళ్ళ వెనకాలే వచ్చారు. అందువల్ల గుడిలో ఇంటి చోటు అంటే ఆ ఇంటి ఆడమనిషి కూర్చునే చోటే. ఏ ఇంటి గంపను ఆ ఇంటి చోటికి సరిగ్గా పైన, మిద్దె మీద పోయాలి. పోసేటప్పుడు మిద్దె మనిషి ఆ ఇంటి పేరు గట్టిగా పిలుస్తాడు. కింద నుంచి ఆ ఇంటివాళ్ళు "ఉండాం" అని పలకాలి. దొర రాసిపెట్టిన సభ్యుల పుస్తకాన్ని ఎన్నడో చెదలు తినేసింది కాబట్టి, ఈ గుడికి ఎవరెవరు చెందుతారు అనేదానికి నేటికీ ఆ పిలుపే ఆధారం. ఊరు విడిచి వెళ్ళిన ఇంటి పేరు పిలిస్తే జవాబు రాదు. మరుసటి ఏడు ఆ పేరు పిలవరు. అలా ముప్పై రెండు ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి.

మిద్దె మీదికి మిద్దె మనిషి తప్ప ఎవరూ ఎక్కకూడదు. పరిచిన మట్టిని పది కాళ్ళు తొక్కితే నీటివాలు చెడుతుంది. గంపలు అందించేవాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోతారు. ఇంకొక సంగతి, నాలుగేళ్ళకు ఒకసారి పాత మట్టిని గీకి దింపాలి. లేకపోతే బరువు పెరిగిపోతుంది. ఇదేమీ పెద్ద రహస్యం కాదు. ఆంజినప్పకు పదేళ్ళ వయసులోనే తెలుసు.

వయసులో ఉన్నప్పుడు ఆయన చుట్టుపక్కల పాతిక ఊళ్ళ మిద్దెలు చూసేవాడు. మిద్దె మీద నాలుగడుగులు వేసి, ఈ వానకు కురుస్తుందో కురవదో చెప్పేసేవాడు. హుసేనమ్మ కూడా వెంట పోయి మట్టి మోసేది. ఇద్దరి పెళ్ళీ ఈ గుడిలోనే అయింది. పెళ్ళయిన మొదటి వానాకాలం, పడమటి పక్క ఆడవాళ్ళ వరసలో హుసేనమ్మకు వాళ్ళ అత్త చోటు వచ్చింది. ఆ ఆదివారం ప్రార్థన నడుస్తుండగా ఆమె నెత్తిన ఒక వాన చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి పడింది.

"ఊరోళ్ళ మిద్దెలన్నీ బాగుజేస్తాండావు, నా నెత్తిన మాత్రం చుక్క పడతానే ఉండాది," అంది ఇంటికి పోతూ.

"రవ్వంత జరిగి కూసో," అన్నాడు ఆంజినప్ప.

"నా చోటు నేనెందుకు జరపల్ల? నువ్వే జరుపు ఆ వానను."

ఒకటి రెండుసార్లు పైకెక్కి ఆ చోట కొంచెం మట్టి అద్దాడు కూడా. చుక్క ఆగలేదు. పరాయివాళ్ళ మిద్దె అయితే అంతు తేలేదాకా తవ్వేవాడే. ఇంటిమనిషి పని కాబట్టి రేపు చూద్దాంలే అనిపించింది. ఆ రేపు ముప్పై ఒక్క ఏళ్ళు సాగింది. హుసేనమ్మ వానాకాలం గుడికి పోయేటప్పుడు చంకలో బైబిలు, భుజాన తువ్వాలు వేసుకొనేది. గంపల ఆదివారం ఆంజినప్ప పైనుంచి "ఆంజినప్ప ఇల్లు" అని పిలిస్తే, కింద నుంచి ఆమె, "ఉండాం. చుక్క కూడా ఉండాది," అని పలికేది. గుడి గుడంతా నవ్వేది. ఆంజినప్ప కూడా నవ్వేవాడు. అదొక ఏటేటా వచ్చే వేడుక అయిపోయింది.

పన్నెండేళ్ళ కింద కామెర్లు వచ్చి హుసేనమ్మ పోయింది. కూతురు నేత్రావతి అప్పటికే హచ్చొళ్ళిలో కాపురముంది. ఆ ఏడు గంపల ఆదివారం ఆంజినప్ప అలవాటుగా తన ఇంటి పేరు కూడా పిలిచాడు. కింద ఎవరూ పలకలేదు. ఎవరో దగ్గారు. ఆంజినప్ప గంప బోర్లించి పక్క ఇంటి పేరు పిలిచాడు. మరుసటి ఏటి నుంచి తన ఇంటి పేరు పిలవడం మానేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అదే ఏడు వానాకాలంలో ఒక ఆదివారం, పాస్టరు ప్రసంగం మధ్యలో, ఆడవాళ్ళ పక్క ఖాళీగా ఉన్న ఆ చోట బండ మీద చుక్క పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడు వినిపించలేదు, ఎందుకంటే అది ఆమె తల మీద పడేది. ఆ మాట తట్టాక ఆంజినప్ప చెవిన ఇంకేదీ పడలేదు. ప్రసంగం దేని గురించో ఆయనకు నేటికీ తెలియదు. మరునాడు పొద్దున్నే ఒక గంప చౌడు మోసుకొని మిద్దె ఎక్కి ఆ చోట పోశాడు. మట్టి బిగిసేలా దిమ్మిసతో గట్టిగా కొట్టాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ మరుసటి నెల ఇంకో గంప పోశాడు, ఆ పై నెల మరొకటి. రెండో ఏటికి చుక్క ఆగిపోయింది, గంప మాత్రం ఆగలేదు. కొందరు సమాధి దగ్గరికి పూలు తీసుకుపోతారు. ఆంజినప్పకు చేతనైనది మట్టి మోయడం, అదే చేశాడు. నాలుగో ఏడు పాత మట్టి గీకవలసి వచ్చినప్పుడు మిద్దె అంతా గీకాడు, ఆ చోటి మీదికి మాత్రం పార ఆడలేదు. ఎనిమిదో ఏడూ అంతే. పిట్టగోడ నడుమెత్తు ఉంటుంది, నిచ్చెన వేసేది తూర్పు గోడకు, ఆ చోటేమో పడమట. పైన కుప్ప పెరిగిపోయిన సంగతి ఎవరి కంటా పడలేదు.

ఖాళీ పడిన ఆ చోటికి కొన్నేళ్ళకు పక్కీరమ్మ జరిగింది. ఆమెకు డెబ్బై దాటాయి. గోడకు ఆనుకుంటే తప్ప నడుము నిలవదు. మాట మాత్రం నిటారుగా నిలబడుతుంది. రెండేళ్ళ కింద ఒక ఆదివారం ఆమె కొంగు దులుపుకుంటూ బయటికి వచ్చి ఆంజినప్పను నిలబెట్టింది.

"నా నెత్తిన మన్ను రాల్తాండాది. ఏందప్పా అది?"

ఆంజినప్ప లోపలికి పోయి తలెత్తి చూశాడు. దూలం కిందికి వంగి ఉంది. అందరి కంటికీ తెలిసేంత కాదు, పనివాడి కంటికి తెలిసేంత. ఆయనకు వెంటనే అర్థమైంది.

"చెదలక్కా," అన్నాడు.

అసలు వేపమానుకు అంత సులువుగా చెదలు పట్టవు. కానీ దొర పుస్తకం తిన్న చెదలు ఊరందరికీ గుర్తు, అందుకని అందరూ నమ్మారు. ఆ రెండేళ్ళలో ఆంజినప్ప కుప్ప దింపేద్దామని పార పట్టుకొని చాలాసార్లు మిద్దె ఎక్కాడు. కుప్ప పక్కన కాసేపు కూర్చునేవాడు. మళ్ళీ పార పట్టుకొని దిగేవాడు. కొత్త గంపలు వేయడం ఆపాడు, అదొక్కటే ఆయన చేసింది.

ఈ ఏడు ఈస్టరు నాడు పాట మధ్యలో పిడికెడు మట్టిగడ్డ వచ్చి పక్కీరమ్మ ఒడిలో పడింది. యల్లేష్ పాస్టరు ఇక ఆగలేదు. బళ్ళారి కంటోన్మెంటులో ఉండే చెన్నకేశవరావు గారిని తీసుకొచ్చాడు. ఆయన ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి, జీవితమంతా వంతెనలు కట్టించాడు. మనిషి మంచివాడు, మోకాళ్ళు మాత్రం మంచివి కావు. కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశాడు.

"ఏమిటిది, చెదలా?"

"హౌదు సార్. రెండేండ్ల నుంచి ఉండాది. ఆంజినప్ప చూసి చెప్పినాడు," అన్నారు కమిటీవాళ్ళు.

ఇంజనీరు ఆంజినప్ప వైపు తిరిగాడు. "నేను పైకి ఎక్కలేను. మీరు ఎక్కి చూస్తుంటారు కదా. చెదలేనా?"

"ఊ," అన్నాడు ఆంజినప్ప.

మనిషి జీవితంలో చేసిన తప్పులన్నీ పెద్ద పెద్ద మాటలతో చేసినవే కానక్కర్లేదు. అరవై ఏడేళ్ళలో ఆంజినప్ప చేసిన పెద్ద తప్పు ఆ ఒక్క ఊకొట్టడమే.

"అయితే దూలం లోపలిదాకా తినేసి ఉంటుంది. ఒకటి పోతే పక్కది ఆగదు. పిల్లలూ పెద్దలూ కూర్చునే చోటు, ఊరికే ఉండకూడదు. కూలగొట్టి స్లాబు వేసుకోండి," అన్నాడు చెన్నకేశవరావు. చెప్పింది విని చెప్పాడు కాబట్టి ఆయనను అనడానికి ఏమీ లేదు.

కమిటీ కూర్చుంది. వచ్చే ఆదివారం ఆ గుడిలో ఆఖరి ఆరాధన, సోమవారం పొద్దున జేసీబీ. యల్లేష్ పాస్టరు ఆంజినప్ప ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మీ తాత మొదలుపెట్టినాడు, మీరు ఇంతకాలం కాపాడినారు. మీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. ఆదివారం మీ చేత రెండు మాటలు చెప్పిస్తాను. గుడి చరిత్ర మీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు.

ఆ గౌరవమే ఆంజినప్పకు చెంపదెబ్బలాగా తగిలింది. ఒక్క మాట చెబితే గుడి నిలుస్తుంది. ఆ మాట చెబితే, పాతిక ఊళ్ళ మిద్దెలు చూసిన మనిషి తన గుడి మిద్దెను తానే వంచాడని ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పకపోతే జేసీబీ వచ్చి కుప్పనూ, గుడినీ, తప్పునూ ఒకటిగా కలిపేసి పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మూడు రోజులు అన్నం సరిగా దిగలేదు. శుక్రవారం కూతురు ఫోను చేసింది.

"గుడి పడగొడతారంట కదా నాయినా. నిజమేనా?"

ఆంజినప్ప ఫోను పట్టుకొని లోపలికి పోయి తలుపు మూశాడు. తర్వాత మొత్తం చెప్పేశాడు. మొదటిసారి ఆ సంగతి ఒక మనిషి చెవిన పడింది. నేత్రావతి ఏడవలేదు, తిట్టలేదు.

"అమ్మ తువ్వాలు ఏసుకొని కూసునేది నాయినా. గుడి పోయినా పర్వాలేదు, నా చుక్క ఆపు అని ఏ పొద్దూ అనలేదు," అంది. "నువ్వు చెప్తావా, నన్నొచ్చి చెప్పమంటావా?"

"నువ్వెందుకు," అన్నాడు ఆంజినప్ప.

ఆ గుడిలో పాటలయ్యాక సాక్ష్యాల వేళ అని ఒకటి ఉంటుంది. లేచి నిలబడి దేవుడు ఆ వారం తమకేం చేశాడో చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, బోరులో నీళ్ళు పడ్డాయని ఒకరు, బస్సు తప్పిపోతే తర్వాత ఆ బస్సే బోల్తా పడిందని ఒకరు చెబుతారు. ఆంజినప్ప పుట్టినప్పటి నుంచి సాక్ష్యం చెప్పిన మనిషి కాదు. ఆ ఆదివారం పాస్టరు ఆయన పేరు పిలవకముందే లేచాడు. లేచి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"చెదలు లేవు," అన్నాడు.

అందరూ తలలు తిప్పారు.

"చెదలు లేవు. దూలం గట్టిగానే ఉండాది. నేనే మన్నేసినా. మా హుసేనమ్మ చోటు మీద. ఏడాదికొక గంప కాదు, నెలకొక గంప. పదేండ్లు ఏసినా. ఒక్క తూరి కూడా గీకలేదు. ఆమె నెత్తిన చుక్క పడతా ఉండె, అది ఆపల్లని ఏసినా. ఆమె ఉన్నప్పుడు ఆపలేదు, పోయినాక ఆపినా. ఆ బరువుకు దూలం వంగింది. సార్ అడిగితే ఊ అన్నా, సిగ్గయి. గుడిని పడగొట్టొద్దండి. నన్నేమన్నా అనండి."

కూర్చోబోయి, ఇంకా ఏదో మిగిలినట్టు మళ్ళీ నిలబడ్డాడు. "దేవునికి స్తోత్రం," అన్నాడు, సాక్ష్యం అలాగే ముగించాలి కాబట్టి.

మొదట గొంతు విప్పింది పక్కీరమ్మ.

"అంటే రెండేండ్ల నుంచి నా నెత్తిన పడింది నీ పెండ్లాం మీది మనాదా?" అంది. "ముందే చెప్పింటే ఇంగో పక్క కూసునేదాన్ని కదప్పా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆడవాళ్ళ పక్కంతా నవ్వింది, నవ్వుతూనే ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఆంజినప్ప ఊహించుకున్న తిట్లలో నవ్వు అనేది లేదు. దానికి ఎలా నిలబడాలో తెలియక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

దీవెన చెప్పిన వెంటనే యల్లేష్ పాస్టరు తెల్ల అంగీని మోకాళ్ళ పైకి దోపుకొని నిచ్చెన ఎక్కాడు. తొంభై ఏళ్ళలో మిద్దె మనిషి కాకుండా ఆ మిద్దె మీద కాలు పెట్టింది ఆయనే. మోకాళ్ళు దాటిన ఎత్తున కుప్ప, దాని మీద ఎండిపోయిన గరిక. కాసేపు చూసి అక్కడి నుంచే చెన్నకేశవరావుకు ఫోను చేశాడు. కుప్ప ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని ఆయన అడిగాడట. తర్వాత, కింద రెండు ఆసరా గుంజలు నిలబెట్టి బరువు దింపండి, దూలం నేను వచ్చి చూస్తాను, జేసీబీని రావద్దని చెప్పండి అన్నాడు.

గుంజలు నిలబెట్టారు. మట్టి దింపడానికి ఊరి మగవాళ్ళు పదిమంది వచ్చారు. ఆంజినప్ప ఎవరినీ పైకి రానివ్వలేదు.

"ఏసినోన్ని నేను. తీసేదీ నేనే. మీరు కింద అందుకోండి చాలు," అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. పై పొరలు పారకు లొంగలేదు, దిమ్మిసతో అంత గట్టిగా కొట్టాడు మరి. గడ్డపారతో పెళ్ళగించి గంపకు ఎత్తాడు. దింపిన మట్టిని గుడి ముందరి గుంతల్లో పోసి చదును చేశారు. నాలుగో రోజు పొద్దెక్కే సరికి అడుగు తగిలింది. దూలం మీద అడ్డంగా పరిచిన దంతెలు, వాటి మీద తాత పరిచిన బండముక్కలు. అక్కడ, గోడా మిద్దే కలిసే మూలలో, ఒక రాతిపెళ్ళ జారి చిన్న సందు ఏర్పడి ఉంది. చిటికెన వేలు పట్టేంత సందు. వాన నీళ్ళు గోడ పక్కగా దిగి, ఆ సందులో నుంచి దూలం వెంబడి పారి, సరిగ్గా హుసేనమ్మ కూర్చునే చోటికి వచ్చి చుక్క అయ్యేవి.

ఆంజినప్ప రాతిపెళ్ళను మళ్ళీ దాని చోట కూర్చోబెట్టాడు. కొంచెం బంకమట్టి తడిపి సందులో కూరి బొటనవేలితో నొక్కాడు. పిడికెడు మట్టి కూడా పట్టలేదు. గట్టిగా ఒక గడియ పని. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ రోజు ఎక్కినా అయిపోయే పని. ఆయన అక్కడే కూర్చొని ఏడ్చాడు. కింద గంపల కోసం చూస్తున్నవాళ్ళకు వినిపించింది. ఎవరూ పిలవలేదు, ఆయన లేచి "అందుకోండి" అనేదాకా ఆగారు.

చెన్నకేశవరావు మరుసటి వారం వచ్చాడు. కర్రతో దూలాన్ని ఆ చివర నుంచి ఈ చివరదాకా తట్టి చూశాడు. వేపమాను గణగణమంది. వంపు పోదు కానీ ప్రమాదం లేదు, పక్కన ఒక ఇనుప దూలం దన్ను పెట్టుకోండి అన్నాడు. పోయే ముందు ఆంజినప్ప దగ్గర ఆగాడు.

"ఈసారి ఎవరైనా అడిగితే ఊ అనకండి. పైకి తీసుకుపోయి చూపించండి," అన్నాడు.

"మీ మోకాళ్ళు రావు కదా సార్," అన్నాడు ఆంజినప్ప. ఇద్దరూ నవ్వారు.

మే నెలలో రెండు పెద్ద వానలు పడ్డాయి. ఆ తర్వాత గంపల ఆదివారం వచ్చింది. మిద్దె నున్నగా, తేలిగ్గా, దురుగప్ప నాటి వాలుతో ఉంది. ఆంజినప్ప పైన నిలబడి ఒక్కొక్క గంప అందుకొని ఒక్కొక్క పేరు పిలిచాడు. కింద నుంచి ఒక్కొక్క ఇల్లు పలికింది. పక్కీరమ్మ గంప వచ్చింది. ఆమె ఇప్పుడు కూర్చునేది హుసేనమ్మ చోటు కాబట్టి గంప అక్కడే పోయాలి. ఆంజినప్ప గంపను పిట్టగోడ మీద ఆనించి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

"పక్కీరమ్మ ఇల్లు," అన్నాడు.

"ఉండాం," అంది పక్కీరమ్మ.

గంప బోర్లించి మట్టి సర్దాడు. పద్దెనిమిది ఇళ్ళయ్యాయి. ఆయన సొంత గంప మిద్దె అంచున అలాగే ఉంది. కింద పక్కీరమ్మ గొంతు మళ్ళీ వినిపించింది.

"నీ గంప యాడప్పా?"

"నా ఇంటికి చోటు యాడుండాదక్కా ఇప్పుడు?"

"నా చోట్లోనే ఏయి. ఆమె, నేను ఇద్దరమూ పడతాము. సగం గంపే ఏయి మళ్ళ, నా నెత్తి మీదికి తేవద్దు. పేరు పిలిచి ఏయి."

ఆంజినప్ప సగం గంప మట్టిని చేతులతో తీసి ఆ చోట పరిచాడు. చేతులు దులుపుకొని లేచి నిలబడ్డాడు. అందరి ఇళ్ళనూ పిలిచినంత గట్టిగా పిలిచాడు.

"ఆంజినప్ప ఇల్లు."

పక్కీరమ్మ తీరిగ్గా గోడకు ఆనుకొని, తలెత్తి దూలాన్ని చూసి, పైకి వినిపించేలా పలికింది.

"ఉండాం. చుక్క మాత్రం లేదు."

ఆంజినప్ప దిమ్మిస అందుకొని ఆ చోట మెల్లగా రెండు దెబ్బలు కొట్టాడు. చాలనుకొని, మూడోది కొట్టకుండా నిచ్చెన వైపు నడిచాడు.